విల్స్‌డెన్‌లో జ్వరాల ఆసుపత్రి

పెదనాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. వందేళ్ళ కిందట ఈ లండన్ శివార్లలో పేదవాడికి జబ్బు చేస్తే గతేమిటని అడిగారు కదా. మా పక్కనున్న విల్స్‌డెన్ సంగతి రాస్తున్నాను. అప్పట్లో అది అర్బన్ డిస్ట్రిక్ట్, మన మునిసిపాలిటీ లాంటిది. 1901 నాటికే జనాభా లక్ష దాటింది.

పాస్‌మోర్ ఎడ్వర్డ్స్ అనే దాత కట్టించిన చిన్న ఆసుపత్రి 1893లో తెరిచారు. ఇలాంటి ధర్మాసుపత్రులు చాలావాటిలో చందాదారుడి సిఫారసు చీటీ ఉంటేగాని మంచం దొరికేది కాదు. అదీ లేనివాడికి 1903లో పార్క్ రాయల్‌లో తెరిచిన వర్క్‌హౌస్ (దిక్కులేని పేదల శరణాలయం) ఆసుపత్రే దిక్కు. అక్కడ చేరితే బిచ్చగాళ్ళ లెక్కలో పడ్డట్టే.

అంటురోగమైతే దారి వేరు. 1899 నుంచి దేశమంతటా డాక్టరు స్థానిక కౌన్సిలు ఆరోగ్యాధికారికి కబురు పెట్టి తీరాల్సిందే, తన సొంత రోగికైతే చీటీకి రెండున్నర షిల్లింగులు ఫీజు డాక్టరుకి దక్కేది. విల్స్‌డెన్‌లోనే నీస్‌డెన్ అనేచోట కౌన్సిలు వారి ఐసొలేషన్ ఆసుపత్రి ఉండేది. ఇలాంటిచోట చాలా కౌన్సిళ్ళు డబ్బు అడిగేవి కావు, అడిగితే తల్లిదండ్రులు పిల్లల్ని దాచేస్తారని. కౌన్సిళ్ళ భయం న్యాయమే.

కొలతలు మీకు నచ్చుతాయి. పై ప్రభుత్వం చెప్పిన లెక్క మంచానికి 12 అడుగుల గోడ పొడవు, 2000 ఘనపుటడుగుల గాలి. రెండు వరసల మంచాలకి గది 26 అడుగుల వెడల్పు, 13 అడుగుల ఎత్తు ఉంటే సరిపోతుంది. ప్రహరీకి, వార్డుకి మధ్య 40 అడుగుల ఖాళీ. మశూచి ఆసుపత్రి అయితే చుట్టూ పావు మైలులో 200 మందికి మించి జనం ఉండకూడదనేవారు.

చిక్కంతా శరదృతువులో. స్కార్లెట్ జ్వరం (గొంతునొప్పి, ఎర్రటి దద్దుర్లతో పిల్లలకి వచ్చే అంటుజ్వరం) విజృంభించగానే మంచాలు దగ్గరికి జరిపేవారు, గాలి లెక్క అక్కడే తప్పేది. గొంతునొప్పి చూసి పొరపాటున పంపిన పిల్లాడికి అసలు జ్వరం వార్డులోనే అంటుకునేది. జ్వరం తగ్గాక ఒంటి చర్మం పొట్టులా రాలిపోయేదాకా, సుమారు ఆరు వారాలు ఉంచి, మందునీళ్ళ స్నానం చేయించి, ఆవిరి పట్టిన బట్టలు తొడిగి పంపేవారు. అయినా ఇంట్లో తమ్ముడికో చెల్లికో వచ్చేది. అంటించేది పొట్టు కాదు, ముక్కులోంచి, చెవిలోంచి కారే చీము. ఆ సంగతి ఒంటబట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మీరు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు అంటురోగాల వార్డులో మంచానికీ మంచానికీ ఎంత ఎడం ఉంచేవారో రాయండి. పెద్దమ్మకి నమస్కారాలు చెప్పండి.

మీ చిన్నోడు