తువ్వాల ఇచ్చిన అన్నకు

బాపు ఇప్పుడే పండుకున్నడు. నాలుగు రోజుల నుంచి నాకు నిద్ర లేదు, రాతలో తప్పులుంటే ఏమనుకోకండి.

బాపుకు పద్దెనిమిదేండ్ల షుగర్. ఆరు నెలలుగా ధోతి తడుస్తనే ఉంది. వయసు మీద పడ్డదని మేం అనుకున్నం, సిగ్గుపడి ఆయన చెప్పలే. స్కాన్ తీస్తే, ఒంటికి పోయొచ్చినంక కూడా లోపల 700 మిల్లీలీటర్ల మూత్రం ఉన్నది. మామూలోళ్లకు మూడు నాలుగు వందలకే ఆగదు. షుగర్‌తో నరాలు మొద్దుబారితే మూత్రం సంచి నిండిన సంగతి మనిషికి తెల్వదట, పిండి బయటికి పంపే బలమూ పోతదట. చెరువు నిండి మత్తడి పారినట్టు, సంచిల పట్టనిది మాత్రమే బయటికొస్తుంది. మిగిలింది కిడ్నీల మీదికి వస్తదని, రోజూ మూత్రం దారిల సన్న పైపు (కాథెటర్) పెట్టి తీసుకొమ్మన్నరు. బాపు ససేమిరా అన్నడు.

సోమవారం మళ్లీ దవాఖానల ఓపీ లైన్. రెండున్నర గంటలు. బాత్‌రూంకు తాళం, చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెల్వదు. ఇంతమంది రోగులొచ్చే కాడ ఒక్కటి తెరిచిపెట్టరాదా? ధోతి తడిసింది, కాళ్ల కింద మడుగు. ఊడ్చే ఆమె ఒక్క కేక వేసింది. ఊర్లె పంచాయితీలు తెంపిన మనిషి, తల దించుకున్నడు.

ముందు వీల్‌చైర్ల ఉన్న అన్న తన నీళ్ల సీసా మూత తీసి, ఆ మడుగు మీదనే వంపిండు. "నా చేతులకెళ్లి జారిందమ్మా, జర ఏమనకు" అన్నడు. మెడల తువ్వాల తీసి, "నడుముకు చుట్టుకో కాకా" అని బాపుకిచ్చిండు. నాకు అక్కడనే ఏడుపొచ్చింది.

పరకాల దిక్కు గీత పని చేసేటోడట. తాడి మీదికెళ్లి పడి వెన్ను దెబ్బతిన్నది, ఆయనకూ ఇదే బాధ. "చేతులు సబ్బుతో కడుక్కోని నాలుగు గంటలకోసారి నేనే పెట్టుకుంట. మొదట్ల భయమైతది కాకా, తర్వాత పండ్లు తోముకున్నట్టే." సిస్టర్ రెండుసార్లు చెప్పినా వినని బాపు ఆ మాట విన్నడు. ఇయ్యాల పొద్దున సొంతంగ పెట్టుకోని, కొలగిన్నెల 450 చూసి నవ్విండు.

పైపులేమో లోపలి మందుల కౌంటర్ల లేవు, బయట కొనుక్కొమ్మన్నరు.

అక్క, బావ, తమ్ముడు, మా ఇంటామె: మనోళ్లే, వాళ్లకు వేరే థాంక్స్ చెప్పేదేముంది.

మర్చిపోయిన: సైజు తప్పైతే మాట అనకుండ మార్చిచ్చిన మెడికల్ షాపు పిల్లగాడు. హన్మకొండ దాకా పైసలు తీసుకోకుండ దింపిన ఆటో అన్న. సిస్టర్ కూడా, రెండుసార్లు ఓపికతో చెప్పింది ఆమెనే కదా.

తువ్వాల ఉతికి ఆరేసినం. అన్న పేరు అడుగుడే మరిచిన. పరకాల దిక్కోళ్లకు ఎవరికన్న ఎరుకైతే, ఆయనకు ఈ పోస్టు చూపియ్యుండ్రి.

అరె, తాను లేచి, బాపుకు కూసునే జాగిచ్చిన ముసలవ్వను రాయనే లేదు.