రాకెట్ కోసం మూడు రోజులు పక్కన పెట్టు

చిన్నా,

ఈ సెలవుల్లో ఒక రోజు రాకెట్ ప్రయోగం చూడ్డానికి వెళ్తున్నామని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఫోన్లో అన్నీ చెప్పడం కుదరక ఇలా రాస్తున్నాను. మీ ప్లాన్‌లో నాకు నచ్చనిది ఒక్కటే. ప్రయోగానికి వెళ్ళే రోజుని ట్రిప్పులో ఆఖరి రోజున పెట్టావు, మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం. అది మార్చు.

నీ ఏడో ఏట మనం అచ్చం ఇలాగే వెళ్ళాం. నువ్వు మీ నాన్న భుజాల మీద కూర్చుని, రెండు చేతులతో ఆయన నుదురు పట్టుకుని, మైకులో వినిపించే అంకెల్ని తిరిగి గట్టిగా అంటున్నావు. మధ్యలో అంకెలు ఆగిపోయాయి. గంటన్నర నిలబడ్డాం. చివరికి ఈ రోజుకి లేదన్నారు. ఆ రాత్రికే మన రిటర్న్ టికెట్లు. నువ్వు ఏడవలేదు కానీ, "రాకెట్‌కి ఏమైందమ్మా, దెబ్బ తగిలిందా?" అని దారంతా అడుగుతూనే ఉన్నావు. రెండు రోజులకి అదే రాకెట్ చక్కగా వెళ్ళిపోయింది. ఇంకో రెండు రోజులు ఉండేలా ముందే చూసుకుని ఉంటే నువ్వు చూసేవాడివి. ఇన్నేళ్ళయినా అది నాకు గుచ్చుకుంటూనే ఉంది. నీ కొడుకు బుజ్జికి అలా జరగకూడదు.

ప్రయోగం వాయిదా పడటం ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు, ఆ పనిలో అదొక భాగం. చంద్రయాన్-2 చూడు. 2019 జూలై 15 తెల్లవారుజామున ఇంకో 56 నిమిషాల్లో వెళ్ళాలనగా ఆపేశారు. వెళ్ళింది జూలై 22 మధ్యాహ్నం. నాసా చంద్రుడి దగ్గరికి పంపిన ఆర్టెమిస్-1 అయితే 2022 ఆగస్టు 29న ఆగింది, సెప్టెంబరు 3న మళ్ళీ ఆగింది, చివరికి నవంబరు 16న వెళ్ళింది. ఆగస్టులో సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళ పరిస్థితి ఆలోచించు. అందుకే ప్రయోగం తేదీ ట్రిప్పు మొదట్లో పడేలా చూసుకో. దాని తర్వాత రెండు రోజులు ఖాళీగా ఉంచు. ఆ రెండు రోజుల్లో ఏ రోజు చేసినా ఫరవాలేని పనులు పెట్టుకోండి, బీచ్, మ్యూజియం లాంటివి. టికెట్ కొనేముందు వాయిదా పడితే అది మళ్ళీ చెల్లుతుందా, డబ్బులు తిరిగిస్తారా అన్నది చదువు. అన్నిచోట్లా ఇవ్వరు.

వాతావరణం గురించి ఒక మాట. ఆకాశం నీలంగా ఉంది కదా, ఎందుకు ఆపారని చాలామంది విసుక్కుంటారు. నేల మీద గాలి లేకపోయినా పైన పది కిలోమీటర్ల ఎత్తులో గాలి రాకెట్‌ని పక్కకి వంచేంత జోరుగా ఉండొచ్చు. మబ్బుల్లో ఉరుము లేకపోయినా, పొడవాటి మంటతో దూసుకెళ్ళే రాకెట్టే పిడుగుని పిలుచుకోగలదు. 1969 నవంబరు 14న మనుషుల్ని చంద్రుడి మీదకి తీసుకెళ్ళే అపోలో-12 మీద, బయల్దేరిన మొదటి నిమిషంలోనే రెండుసార్లు పిడుగు పడింది. అందులో ఉన్న ముగ్గురూ క్షేమంగా చంద్రుడి దాకా వెళ్ళి వచ్చారు, అది వేరే సంగతి. అది తెలిశాక నాకు వాయిదా వేసేవాళ్ళ మీద కోపం పోయింది.

టైము జాగ్రత్త. చాలాచోట్ల యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటిగా పెట్టుకున్న టైములో రాస్తారు, దాన్ని మీరుండే చోటి టైములోకి మార్చుకోవాలి. ఒక్కోసారి తేదీ కూడా మారిపోతుంది. 'లాంచ్ విండో', అంటే ఆ రోజు రాకెట్‌ని పంపడానికి వీలున్న సమయం, ఎంతసేపో కూడా చూసుకో. కొన్నింటికి రెండు మూడు గంటలుంటుంది. పైన భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళేవాటికి మాత్రం దాదాపు ఒక్క క్షణమే. భూమి తిరుగుతూ తిరుగుతూ ప్రయోగ వేదికని ఆ కేంద్రం కక్ష్య కిందకి తెచ్చే క్షణం అది, దాటితే ఆ రోజుకి అంతే. అలాంటి దానికి పది నిమిషాలు ఆలస్యంగా చేరితే మిగిలేది పొగ చార మాత్రమే.

ఇంకోటి, కౌంట్‌డౌన్ ఆగగానే సామాను సర్దేయొద్దు. దాన్ని 'హోల్డ్' అంటారు, కొన్ని హోల్డ్‌లు వాళ్ళే ముందుగా పెట్టుకుంటారు. 2023 అక్టోబరు 21న, మనవాళ్ళు మనుషుల్ని అంతరిక్షంలోకి పంపడానికి తలపెట్టిన గగన్‌యాన్ పరీక్షా వాహనాన్ని ఇంకో 5 సెకన్లుందనగా కంప్యూటర్ ఆపేసింది. కారణం కనిపెట్టి, సరిచేసి, అదే రోజు పదింటికి పంపారు. ఆగగానే లేచి వెళ్ళిపోయినవాళ్ళెవరైనా ఉంటే దారిలో ఉండగా దాని చప్పుడు వినుంటారు. రద్దని వాళ్ళు చెప్పేదాకా కదలకండి. బుజ్జికి కూడా ఇంటి దగ్గరే చెప్పు, గడియారం ఆగుతుందని, మళ్ళీ నడుస్తుందని. "రాకెట్ చూడ్డానికి వెళ్తున్నాం" అనకు, "రాకెట్ కోసం కాచుకోవడానికి వెళ్తున్నాం" అను. పిల్లలు ఏ మాట ఇస్తే దాన్నే పట్టుకుంటారు.

ఎక్కడ నిలబడాలన్నది మ్యాపు పెట్టుకుని చూడు. ఎక్కువ ప్రయోగ కేంద్రాలు సముద్రం ఒడ్డునే ఉంటాయి, రాకెట్లు ఎక్కువగా తూర్పు వైపు వెళ్తాయి. భూమి తిరిగే వేగం కలిసొస్తుంది, విడిపోయిన భాగాలు నీళ్ళలో పడతాయి. అంటే పొద్దుటి ప్రయోగమైతే మీకు ఎండ సరిగ్గా కళ్ళలోకే కొడుతుంది. టోపీలు పెట్టుకోండి. సూర్యుడు అటువైపుంటే బుజ్జికి బైనాక్యులర్ అస్సలు ఇవ్వొద్దు. ముందు చెట్లు, మేడలు అడ్డం లేకుండా వేదిక కనిపించే చోటు వెతుకు, మొదటి పది సెకన్లే అసలైనవి. కుదిరితే సూర్యాస్తమయం అయిన కాసేపటికో, తెల్లవారడానికి కాస్త ముందో ఉండే ప్రయోగాన్ని ఎంచుకో. నేల మీద చీకటి, పైన రాకెట్‌కి మాత్రం ఎండ తగులుతూ ఉంటుంది. ఆ పొగ ఆకాశమంతా జెల్లీఫిష్‌లా విచ్చుకుని వెలుగుతుంది.

నువ్వు కాలేజీకి వెళ్ళిన తర్వాత నేనూ మీ నాన్నా ఒక ప్రయోగం చూశాం, నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. దూరంగా ఒక వెలుగు పుట్టింది. గ్యాస్ వెల్డింగ్ మంటలా, చూపు నిలవనంత తెలుపు. చప్పుడు లేదు. అంత పెద్దది లేస్తుంటే పక్కనున్న ఆవిడ చేతి గాజులు వినిపించాయి. అది మబ్బు దగ్గరికి వెళ్ళేసరికి ముందు నీళ్ళ మీది కొంగలు లేచాయి, తర్వాత మాకు చప్పుడొచ్చింది. అది చెవికి కాదు, పక్కటెముకలకి తెలిసింది. గుడ్డని పరపరా చింపుతున్నట్టు వదలకుండా. మీ నాన్న నా చెయ్యి పట్టుకుని, "వాడుంటే బాగుండేది" అన్నారు. అంతే అన్నారు.

అందుకని ఫోన్‌ని స్టాండుకి బిగించి వీడియో ఆన్ చేసి వదిలెయ్. నువ్వూ కోడలూ కళ్ళతో చూడండి. రెండు మూడు నిమిషాల్లో అది చుక్కైపోతుంది. మొదటి దశ, అంటే రాకెట్ కింది భాగం, నేల మీదకి తిరిగొచ్చే రకమైతే ఎనిమిది నిమిషాలప్పుడు ఇంకో పని ఉంటుంది, అది శబ్దం కంటే వేగంగా దిగడం వల్ల ఢామ్‌మని పెద్ద చప్పుడు, సోనిక్ బూమ్, వస్తుంది. బుజ్జి చెవులకి ఏదైనా పెట్టి, ముందే చెప్పి ఉంచు, లేకపోతే జడుసుకుంటాడు.

మిగతావి నీకు తెలిసినవే. నీళ్ళు, దోమల మందు, గుర్తింపు కార్డులు, మడత కుర్చీలు, కారులో ఫుల్ ట్యాంక్. అక్కడ జనం ఎక్కువై ఫోన్ సిగ్నల్ దొరక్కపోవచ్చు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకో, తప్పిపోతే ఎక్కడ కలవాలో అనుకోండి. వచ్చేటప్పుడు అందరూ తలా ఒక వేళకి వస్తారు, వెళ్ళేటప్పుడు అందరూ ఒక్కసారే బయల్దేరతారు. ఒక గంటో రెండు గంటలో అక్కడే కూర్చుని ఏదైనా తిని బయల్దేరండి.

ఒక పని మాత్రం నా కోసం చెయ్యి. వెలుగు కనిపించగానే బుజ్జిని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమను, చప్పుడు వినిపించగానే ఆపమను. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది, అంటే మూడు సెకన్లకి దాదాపు ఒక కిలోమీటరు. మీరు 12 కిలోమీటర్ల దూరంలో ఉంటే 35 దగ్గర ఆగాలి. వాడికి ఎంత వచ్చిందో సిగ్నల్ దొరకగానే ఫోన్ చేసి వాణ్ణే చెప్పమను. ఆ వేళ నేనూ మీ నాన్నా ఫోన్ దగ్గరే ఉంటాం.

ప్రేమతో,
అమ్మ