రాయగడ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

మాది గుణుపూర్. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో రెండూ. మా అమ్మాయి మ్యూజియం క్యూరేటర్ అవుతానంటోంది. "బొమ్మలు గోడకు తగిలించడానికి చదువెందుకు?" అని చుట్టాలు అడుగుతుంటే నాకే సరిగ్గా జవాబు దొరికేది కాదు.

పోయిన నెల తనతో ఒక మ్యూజియానికి వెళ్లాక దొరికింది. అద్దం వెనక ఇడితాల్ ఉంది, అంటే సవర గిరిజనులు పూజ కోసం గీసే బొమ్మ. ఎర్రమట్టి మీద బియ్యప్పిండి గీతలు. నెమలి తోక దగ్గర తెల్లపిండి పెచ్చులుగా లేచిపోతోంది. కింద చీటీ మీద "గిరిజన చిత్రం" అని రాసి వదిలేశారు. గీసిన మనిషి పేరు లేదు, ఊరు లేదు, ఎవరి కోసం గీశారో లేదు. మా అమ్మాయి అక్కడి నుంచి చాలాసేపు కదల్లేదు.

భోపాల్‌లో 1982లో భారత్ భవన్ అనే కళాకేంద్రం మొదలైనప్పుడు చిత్రకారుడు జె. స్వామినాథన్ పల్లెలకు మనుషుల్ని పంపి కళాకారుల్ని వెతికించారు. గోండు యువకుడు జంగఢ్ సింగ్ శ్యామ్ అలాగే బయటికొచ్చారు. 1989లో ఆయన బొమ్మలు పారిస్‌లో ప్రదర్శనకు వెళ్లాయి, ఆయన పేరుతోనే. క్యూరేటర్ అంటే ఇదండీ.

మన జిల్లాకు ఒక క్యూరేటర్ పోస్టు అడగండి. సవర భాష వచ్చినవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. బతికున్న చిత్రకారుల పేర్లు చీటీల మీదకి రావాలి. అంతకంటే ముందు, వానాకాలం రాకముందే, ఆ నెమలిని ఎవరికైనా చూపించండి.

ఇట్లు,
గుణుపూర్ నుంచి ఒక తండ్రి