స్పూల్ టేపులను తూకానికి వేయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికా రాక్ బృందం 'బీచ్ బాయ్స్'కు చెందిన బ్రయన్ విల్సన్ 2025 జూన్ 11న 82 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన సగంలో వదిలేసిన 'స్మైల్' ఆల్బమ్ 37 ఏళ్లకు పూర్తయిన వైనం రాక్ సంగీతం వినేవాళ్లలో చాలామందికి తెలుసు. ఆయన ప్రతిభ గురించి, పడ్డ బాధ గురించి అందరూ చెబుతారు. నేను రాస్తున్నది పాటలు, మాటలు రికార్డు చేసే చక్రాల టేపుల (స్పూళ్ల) గురించి.

1966లో ఆయనకు 24 ఏళ్లు. ముగ్గురు అన్నదమ్ములు, మేనత్త కొడుకు, ఒక స్నేహితుడు కలిసి కట్టిన బృందం అది. 'గుడ్ వైబ్రేషన్స్' అనే ఒక్క పాటను నాలుగు స్టూడియోల్లో నెలల తరబడి ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి, టేపు కోసి అతికించారు. ఆల్బమంతా అలాగే చేయాలని పూనుకున్నారు. పాటలు రాసింది వాన్ డైక్ పార్క్స్. కాపిటల్ అనే రికార్డుల కంపెనీ 4 లక్షలకు పైగా అట్టలు అచ్చు వేసి పెట్టుకుంది. లోపల పెట్టాల్సిన రికార్డు మాత్రం రాలేదు. పాటల్లో మాటలు అర్థం కావడం లేదని బృందంలోనే పేచీ, కంపెనీతో కోర్టు కేసు, మాదకద్రవ్యాలు, కుంగుబాటు. నిప్పు గురించి చేసిన ఒక సంగీతపు ముక్క కోసం వాద్యకారులందరికీ ఫైర్‌మెన్ టోపీలు పెట్టించారు. ఆ తర్వాత దగ్గర్లో ఒక భవనం కాలిపోయిందని తెలిసి, అది తన సంగీతం వల్లేనేమోనని హడలిపోయారు. 1967 మేలో అంతా ఆగిపోయింది.

ఆ టేపులను మాత్రం ఎవరూ చెరిపేయలేదు. 2003లో బ్రయన్ సొంత బృందంలోని డేరియన్ సహనాజా పాత ముక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెద్దాయన పక్కన కూర్చుని వరుస కట్టారు. పాత పాట కాగితంలో ఒక మాట అర్థంకాక బ్రయన్ నేరుగా పార్క్స్‌కి ఫోన్ చేశారు. అలా పార్క్స్ కూడా వచ్చి చేరారు. 2004 ఫిబ్రవరి 20న లండన్‌లో ఆ సంగీతాన్ని మొదటిసారి మొత్తంగా వినిపించారు.

నాకు అంతకన్నా 2011లో వచ్చిన 'స్మైల్ సెషన్స్' ఎక్కువ ఇష్టం. 2004లో వచ్చిన ఆల్బమ్ కొత్తగా పాడి రికార్డు చేసింది. 2011లో విడుదల చేసినవి 1966, 67 నాటి అసలు టేపులే. వాటిలో తమ్ముళ్లు డెనిస్, కార్ల్ గొంతులున్నాయి. అప్పటికి డెనిస్ పోయి దాదాపు 28 ఏళ్లు, కార్ల్ పోయి 13 ఏళ్లు. బ్రయన్ ఎంత గొప్పవాడైనా ఆ గొంతులను మళ్లీ పుట్టించలేడు కదా! టేపు ఉంది కాబట్టి వినగలిగాం.

మన దగ్గర? 1932 నాటి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటే దొరకడం లేదు. 2003లో పుణెలో మంటలకు ఎన్నో పాత సినిమా రీళ్లు బూడిదయ్యాయి. ఇక హరికథలు, పద్యనాటకాలు, పెళ్లి కచేరీలు ఇళ్లలో రికార్డు చేసిన స్పూళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. మా తాతగారి హరికథ స్పూల్ ఒకటి మా అటక మీద దొరికింది. డబ్బా మూత తీయగానే ఘాటుగా వెనిగర్ వాసన కొట్టింది. టేపు ముట్టుకుంటే గోధుమరంగు పొడి వేళ్లకంటింది. మా ఊళ్లో ఒక సంస్థకు తీసుకెళ్తే, 'ఇవి పాడే మిషన్ ఎప్పుడో తూకానికి వేసేశాం' అన్నారు. తాతగారి రెండో స్పూల్ మీద అప్పట్లో ఎవరో సినిమా పాటలు ఎక్కించేశారట. అది ఎలాగూ తిరిగి రాదు.

రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకు నా విన్నపం ఒక్కటే. జిల్లాకు ఒకచోట, గ్రంథాలయంలోనైనా సరే, బాగా పనిచేసే ఒక స్పూల్ మిషన్, దాన్ని నడపడం తెలిసిన ఒక మనిషిని పెట్టండి. జనం ఇళ్లలోని టేపులు తెస్తే కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక కాపీ వాళ్లకిచ్చి, ఒకటి దాచండి. సగమే ఉన్నా, గరగర శబ్దం వస్తున్నా తీసుకోండి. ఆ పని తెలిసినవాళ్లలో చాలామందికి ఇప్పటికే డెబ్బై దాటాయి. మా తాతగారి స్పూల్‌ను ప్రస్తుతానికి తడి తగలకుండా బీరువాలో పెట్టాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి