షూటౌట్‌కూ ప్రాక్టీసు కావాలి

సంపాదకులకు,

ఆట డ్రా అయితే రెండు జట్లూ అయిదేసి కిక్‌లు కొట్టి గెలుపు తేల్చుకునే పెనాల్టీ షూటౌట్ అంటే లాటరీ అని మన కోచ్‌లు చాలామంది తేల్చేస్తారు. స్కూలు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే పీఈటీగా నాకా మాట నచ్చదు. 2022 ప్రపంచకప్‌కు ముందు స్పెయిన్ కోచ్ లూయిస్ ఎన్రికే ఆటగాళ్లను వెయ్యేసి పెనాల్టీలు ప్రాక్టీసు చేసి రమ్మన్నాడు. తీరా మొరాకో మీద షూటౌట్‌లో ఒక్కటీ గోల్ కాలేదు. అలాగని ప్రాక్టీసు దండగ అనలేం. ఖాళీ గ్రౌండ్‌లో వరసపెట్టి కొట్టడం వేరు, కాళ్లు పీకుతుంటే సెంటర్ సర్కిల్ నుంచి ఒంటరిగా నడిచొచ్చి ఒకే ఒక్క కిక్ కొట్టడం వేరు. ఆ టెన్షన్‌ను కొంతైనా ప్రాక్టీసులోకి తేవాలి. మా పిల్లలతో మ్యాచ్ ఆడించి, బాగా అలిశాకే షూటౌట్ పెడతాను. మనిషికి ఒక్క కిక్కే. మిగతావాళ్లు అరిచి గోల చేయొచ్చు (ఆ పని వాళ్లకు నేర్పక్కర్లేదు). విజిల్ పడగానే కంగారుగా పరుగెత్తొద్దు, ఊపిరి తీసుకుని కొట్టాలి.

గోల్‌కీపర్‌కూ హోంవర్క్ ఉంటుంది. 2024 యూరో క్వార్టర్‌ఫైనల్లో ఇంగ్లండ్ కీపర్ పిక్‌ఫర్డ్ స్విస్ ఆటగాళ్లు ఎటు కొడతారో నీళ్ల సీసా మీద రాసుకుని, అకాంజీ కిక్‌ను ఆపాడు.

మన జిల్లా టోర్నీల్లో మాత్రం ఆట డ్రా అయ్యాక "ఎవరు కొడతార్రా?" అని అడుగుతారు. పేర్లు ముందే రాసిపెట్టుకోవాలి, అదీ అయిదుతో ఆపకూడదు. 2023 శాఫ్ (దక్షిణాసియా ఫుట్‌బాల్ టోర్నీ) ఫైనల్ షూటౌట్‌లో అయిదేసి కిక్‌లకూ సమంగా నిలిచాక, కువైట్ మీద భారత్ 5-4తో గెలిచింది ఆరో కిక్‌లోనే.

- ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, అనంతపురం