క్యాంటీన్ మూలలో మొదలైన గొడవ

ఒరేయ్ శీనూ,

నియోకాన్లంటే ట్రంప్ మనుషులేనా అని మొన్న ఫోన్‌లో అడిగావు కదా. కాదురా బాబూ. నియోకాన్లంటే నియో-కన్జర్వేటివ్‌లు, వామపక్షం నుంచి కుడిపక్షానికి మళ్లిన అమెరికా మేధావులూ వాళ్ల వారసులూ. వాళ్లలో చాలామందికీ ఆయనకీ ఉప్పూ నిప్పూ. ఫోన్‌లో తేలే సంగతి కాదని కాగితం తీశాను.

కథ 1930ల చివర్లో న్యూయార్క్ సిటీ కాలేజీ క్యాంటీన్‌లో మొదలైంది. ఒకటో నంబరు మూలలో స్టాలిన్‌తో తెగతెంపులైన రష్యా విప్లవ నేత ట్రాట్‌స్కీ వైపువాళ్లూ, స్టాలిన్ గిట్టని మిగతా సోషలిస్టులూ. రెండో మూలలో స్టాలిన్ భక్తులు. మన హాస్టల్ మెస్సులో సాంబారు చల్లారేదాకా కొట్టుకున్నామే, అచ్చం అలాగే. ఆ ఒకటో మూల కుర్రాడు ఇర్వింగ్ క్రిస్టలే తర్వాత నియోకాన్లకు పెద్దదిక్కయ్యాడు.

1965లో డేనియల్ బెల్‌తో కలిసి ‘ది పబ్లిక్ ఇంటరెస్ట్’ పత్రిక పెట్టాడు. చదివేవాళ్లు కొద్దిమందే, కానీ వాళ్లలో వాషింగ్టన్‌లో చక్రం తిప్పేవాళ్లున్నారు. పత్రిక పాడిన పాట ఒకటే: సర్కారు పేదరికం పోగొట్టాలని భారీ పథకం వేస్తుంది, అనుకునేది ఒకటి, అయ్యేది ఇంకొకటి. తిట్టకు గానీ, ఇందులో కొంత నిజముందనే నాకనిపిస్తుంది. అందులో రాసిన మొయినిహన్ తర్వాత మన దేశానికి అమెరికా రాయబారిగా వచ్చాడు. పీఎల్ 480 అనే అమెరికా ఆహార సాయం కింద వచ్చిన గోధుమలకు మనం రూపాయల్లో పడ్డ బాకీ వ్యవహారం తేల్చి, అందులోంచి 1974లో 1,664 కోట్ల రూపాయల చెక్కు మన ప్రభుత్వం చేతిలో పెట్టింది ఆయనే!

మరో నియోకాన్, ప్రొఫెసర్ జీన్ కిర్క్‌పాట్రిక్ సంగతి ఇంకా తమాషా. 1979లో ‘కామెంటరీ’ పత్రికలో ఆవిడ రాసిన వ్యాసం రీగన్‌కు నచ్చింది. గెలిచాక ఆవిణ్ని ఐక్యరాజ్యసమితికి రాయబారిగా పంపాడు. మనం ఎన్ని అప్లికేషన్లు రాశాం, చెప్పు!

నాకు మింగుడుపడనిది ఆ తర్వాతి తరం. 1998 జనవరిలో సద్దాంను దించాలంటూ 18 మంది క్లింటన్‌కు ఉత్తరం రాశారు. అందులో ఇర్వింగ్ కొడుకు విలియంతో పాటు రమ్స్‌ఫెల్డ్, వుల్ఫోవిట్జ్ కూడా ఉన్నారు. 2001 వచ్చేసరికి ఈ చివరి ఇద్దరూ రక్షణ శాఖలో మంత్రి, ఉపమంత్రి. 2003 మార్చిలో ఇరాక్ మీద పడ్డారు. ఉన్నాయన్న సామూహిక మారణాయుధాలు దొరకనే లేదు. అధ్యక్షుడు బుష్, ఉపాధ్యక్షుడు చెనీ సరేననకపోతే అవన్నీ ఒట్టి రాతలుగానే మిగిలేవి, ఒప్పుకుంటాను. కానీ సొంత ఊళ్లో ఒక పేట బాగుచెయ్యడమే సర్కారు వల్ల కాదని పెద్దవాళ్లు ముప్పయ్యేళ్లు రాశారా! చిన్నవాళ్లు భాష రాని దేశాన్నే మార్చేస్తామని బయల్దేరారు. ఇంట్లో ఉన్న పాత సంచికలు తిరగెయ్యలేదా అని.

2016లో ట్రంప్ ఇరాక్ యుద్ధం పెద్ద తప్పని రిపబ్లికన్ల చర్చావేదిక మీదే అనేశాడు, అయినా అభ్యర్థి ఆయనే అయ్యాడు. విలియం పెట్టిన పత్రిక ‘వీక్లీ స్టాండర్డ్’ 2018 డిసెంబరులో మూతపడింది. 2020లో విలియం బైడెన్‌కు ఓటెయ్యమన్నాడు.

ఆ కాలేజీ హార్లెంలో ఇప్పటికీ ఉంది. ఈసారి న్యూయార్క్ వెళ్తే అటు ఓసారి తొంగిచూసి రారా. అమ్మ నిన్ను అడిగింది, ఆవకాయ జాడీ పక్కన పెట్టిందట.

నీ
రవి