సవరణ వేయండి: సాయర్ సైనిక పాలకుడు కాదు

సంపాదకులకు,

అయ్యా,

పశ్చిమ ఆఫ్రికా దేశమైన లైబీరియా మాజీ తాత్కాలిక అధ్యక్షుడు అమోస్ సాయర్ 2022 ఫిబ్రవరి 16న అమెరికాలో కన్నుమూస్తే, మీ పత్రిక అంతర్జాతీయ పేజీ అడుగున నాలుగు వాక్యాల వార్త వేసి, ఆయనను ‘మాజీ సైనిక పాలకుడు’ అని రాసింది. మర్నాడైనా సవరణ వస్తుందని పది రోజులు పేజీలు తిరగేసి చూశాను. రాలేదు. డిగ్రీ కళాశాలలో ముప్ఫై ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

సాయర్ ఆచార్యుడు. 1945లో గ్రీన్‌విల్‌లో పుట్టి, అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొంది, స్వదేశానికి తిరిగి వెళ్లి లైబీరియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. సైనిక పాలకుడు శామ్యూల్ డో. 1980 ఏప్రిల్‌లో అధ్యక్షుడు టాల్బర్ట్‌ను హతమార్చిన కుట్రతో గద్దెనెక్కిన ఆ సార్జెంటు, కొత్త రాజ్యాంగం ముసాయిదా రాసే సంఘానికి సాయర్‌ను అధ్యక్షుణ్ణి చేసి, ఆ పని ముగిశాక 1984 ఆగస్టులో కుట్ర ఆరోపణ మోపి ఆయననే నిర్బంధించాడు. మా గురువును విడిచిపెట్టమని విద్యార్థులు గుమిగూడితే విశ్వవిద్యాలయంలోకి సైన్యాన్ని పంపాడు. తన శిష్యుల మీద తుపాకులు ఎత్తిన సైన్యానికే ఆయనను ప్రతినిధిగా చూపించడం కంటే అన్యాయం ఏముంటుంది?

1989 డిసెంబరులో చార్లెస్ టేలర్ తిరుగుబాటుతో దేశం అంతర్యుద్ధంలో పడ్డాక, మరుసటి ఆగస్టులో గాంబియా రాజధాని బాంజుల్‌లో లైబీరియా పార్టీలు, ప్రజాసంఘాలు సమావేశమై తాత్కాలిక ప్రభుత్వానికి అధ్యక్షుడిగా సాయర్‌ను ఎన్నుకున్నాయి. తర్వాతి ఎన్నికల్లో తాను పోటీ చేయరాదన్న షరతుకు ఒప్పుకునే ఆయన ఆ బాధ్యత తీసుకున్నారు. రాజధాని మన్రోవియా దాటితే ఆయన మాట చెల్లేది కాదు, దేశంలో అధిక భాగం టేలర్ గుప్పిట్లో ఉండేది, 1992 అక్టోబరులో రాజధాని మీదే దాడి జరిగింది. అధికారమంతా ఒక్క అధ్యక్షుడి చేతిలోకి చేరి లైబీరియాలో నిరంకుశత్వం ఎలా పెరిగిందో విశ్లేషించిన ఆయన పుస్తకం వెలువడింది కూడా ఆ 1992లోనే, ఆయన ఆ కుర్చీలో ఉండగానే. 1994 మార్చిలో పదవి అప్పగించి తప్పుకున్నారు. టేలర్ అధ్యక్షుడైన తర్వాత, 2000లో, మన్రోవియాలో సాయర్ కార్యాలయం మీద పడి ఆయనను కొట్టారు.

ఇది తెలియని దేశమేమీ కాదు. ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణలో పూర్తిగా మహిళలతో ఏర్పడిన తొలి పోలీసు దళం మన సీఆర్పీఎఫ్‌ది. 2007లో అది వెళ్లింది లైబీరియాకే. అయినా ఆఫ్రికా అధ్యక్షుడు అనగానే కలం దానంతటదే ‘సైనిక’ అని రాసేస్తోంది. ఈ దోషం పత్రికలది మాత్రమే కాదు. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను ఏటా ముక్కుపిండి వసూలు చేస్తున్నారు కానీ, మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఆఫ్రికా చరిత్ర మీద తెలుగులో ఒక్క పుస్తకం లేదు. మూడుసార్లు వినతిపత్రం ఇస్తే మూడుసార్లూ ‘పరిశీలిస్తాం’ అన్నారు. పాఠకుడికి సరిచూసుకునే దారి లేనప్పుడు పత్రికలో అచ్చయిన మాటే నిజమై కూర్చుంటుంది.

కాబట్టి ఆయన పేరు ముందు ‘ఆచార్య’ అని చేర్చి, అదే పేజీలో, అదే నాలుగు వాక్యాల చోటులోనైనా సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి